ముసలికాలానికి అట్టిపెట్టుకున్న చెక్క

వృద్ధాప్యం మాట వస్తే చాలు, వెనకటికి ఉమ్మడి కుటుంబాలుండేవి, పెద్దవాళ్లను కళ్లలో పెట్టుకుని చూసేవారు, పిల్లలు హైదరాబాదు, అమెరికా పట్టాక ఆ రోజులు పోయాయి అంటారు. ఈ కథ నాకు మింగుడుపడదు. ప్రేమ లేదనను. కాని మన ఊళ్లలో ముందుచూపున్న పెద్దలు ప్రేమ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేదు.

ఒకరి దయను నమ్ముకుంటే ఏమవుతుందో కొండవీటినే చూడండి. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా వెలిగిన కవి శ్రీనాథుడు చివరి రోజుల్లో బొడ్డుపల్లి భూమిని గుత్తకు తీసుకున్నాడనీ, పంటను కృష్ణానది ముంచెయ్యడంతో 700 టంకాలు కట్టలేక శిక్ష పడ్డాడనీ చాటువులు చెబుతాయి. చాటువును శాసనంలా నమ్మలేం. నమ్మినా, భోగలాలస వల్లే ఆ గతి పట్టిందన్న తీర్పు తొందరపాటు. 1424తో కొండవీటి రెడ్ల ఏలుబడి ముగిసింది. తరవాత ఆశ్రయమిచ్చిన రాజమహేంద్రవరం రెడ్లూ ఎంతోకాలం నిలవలేదు. రాజు చేతి మీదుగా వచ్చే కూడు రాజుతోనే పోతుంది.

రైతు కుటుంబాలు అలా కాదు, రాతలో పెట్టుకున్నాయి. మా ఇంట్లో ఒక పారీఖత్తు, అంటే పంపకాల పత్రం, ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక గుడ్డ అతికించారు. అందులో అన్నదమ్ముల వాటాలు నాలుగు వరసల్లో అయిపోతాయి. మిగతాదంతా మా నాయనమ్మ సంగతే. ఏటా ఇన్ని బస్తాల జొన్నలు, రెండు చీరలు, ఉండడానికి తూర్పు గది, ఆ గదిలోంచి బావికి నడిచే దారి, జబ్బు చేస్తే ఖర్చు చెరిసగం. యావజ్జీవం అనుభవించడానికి ఒక పొలం చెక్క విడిగా. అమ్ముకునే హక్కు మాత్రం లేదు.

ఆ చివరి షరతే అసలు చిక్కు. మనోవర్తిని దయగా చూసిన కాలమది. న్యాయవాదులందరికీ తెలిసిన తులసమ్మ కేసు మన ఆంధ్రదేశపుదే. ఆమె భర్త 1931లో ఉమ్మడిలో ఉండగానే పోయాడు. 1944లో ఆమె మనోవర్తికి దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి దక్కింది, పరిమిత హక్కుతోనే. అందులో కొంత ఆమె అమ్మితే భర్త సవతి సోదరుడు కోర్టుకెక్కాడు. మనోవర్తి అన్నది ముందునుంచీ ఉన్న హక్కేననీ, దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956 వారసత్వ చట్టం ప్రకారం సంపూర్ణంగా ఆమెదేననీ 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. మహిళల ఆస్తి హక్కుల గురించి రాసేవాళ్లు ఈ తీర్పును మెచ్చుకుంటారు. ముసలితనపు భద్రత చరిత్రలో దీనికి చోటివ్వరు. నాకది లోపంగా తోస్తుంది. అయితే ప్రతి వితంతువుకూ దీనివల్ల మేలు జరిగిందనలేను. చేతిలో చెక్క ఉన్నవాళ్లకే జరిగింది. లేనివాళ్లు కొడుకుల ఇళ్లలో వంతులవారీగా తిన్నారు. భర్త ఉన్నా అంతే, తల్లి ఒకచోట, తండ్రి ఒకచోట.

రాతలో పెట్టుకునే ఆ జాగ్రత్త ఇప్పుడు సడలింది. అనుభవ హక్కు కూడా ఉంచుకోకుండా ఉన్నదంతా పిల్లలకు దఖలు పరిచేస్తున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం అలాంటి దస్తావేజు రద్దుకు దారి ఇచ్చింది. కాని పోషిస్తామన్న షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు అంది. చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చదవాలని 2025లో మరో తీర్పు చెప్పింది. ఈ రెంటి నడుమ ఊగిసలాడేకన్నా దస్తావేజులో ఒక్క వాక్యం రాయించుకోవడం నయం.

భూమి లేని ఆడవాళ్లకూ అందేలా 2009లో పొదుపు సంఘాల కోసం అభయహస్తం పథకం వచ్చింది. సంఘం సభ్యురాలు రోజుకో రూపాయి, ప్రభుత్వం మరో రూపాయి వేస్తే అరవై ఏళ్లు నిండాక కనీసం రూ.500 పింఛను. చిన్నదే, కాని తమకని కూడబెట్టుకున్నది. 2014లో మామూలు పింఛనే రూ.1,000 అయ్యేసరికి ఆ పొదుపు వెలవెలబోయింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో పింఛను రూ.4,000. 2024 డిసెంబరు 31న నరసరావుపేట దగ్గర యల్లమందలో ముఖ్యమంత్రి ఇళ్లకు వెళ్లి పంచారు. మందులకు కోడలి ముందు చెయ్యి చాచనక్కర్లేదు. అది గొప్ప సంగతే. పూర్తి వైకల్యంతో మంచానపడ్డవారికి రూ.15,000 కూడా ఉంది. కాని ఇవి ఏటేటా బడ్జెట్ మీద, ఏలేవారి మీద ఆధారపడ్డవి. బొడ్డుపల్లి గుర్తొస్తుంది నాకు.

పైగా ఆరోగ్యశ్రీగా మొదలైన ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, డెబ్బై నిండినవారి వయ వందన కార్డు అయినా ఆస్పత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. మంచంలో మనిషిని పక్కకు తిప్పడానికి, ఒళ్లు తుడవడానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలి. జర్మనీ 1995 నుంచి, జపాన్ 2000 నుంచి ఆ సేవకు బీమా నడుపుతున్నాయి. జపాన్‌లో నలభయ్యో ఏటి నుంచే అందరూ చందా కట్టాలి. మనకు అలాంటిది లేదు.

నేనింతగా మెచ్చుకున్న మా పారీఖత్తులోనూ ఆ మనిషి లేదు. నాయనమ్మ మంచానపడ్డ మూడేళ్లూ ఆ చాకిరీ చేసింది పెద్దకోడలు, మా పెద్దమ్మ. ఆమెకు అందులో ఒక్క గింజ రాయలేదు.