గోడకెక్కని బొమ్మలు

మద్రాసు–బొంబాయి రైలుమార్గంలో ఆదోని దాటిన తరువాత వచ్చే కోసిగికి ఒక జానపద గాయకుని పాటలు ధ్వనిముద్రణ చేయడానికి వెళ్ళినప్పుడు, ఆయన యింటి గూటిలో డబ్బాల క్రింద పరచిన కాగితం మా కంటబడినది. అది పాత తెలుగు సినిమా పోస్టరు. రంగు చెక్కు చెదరలేదు. డేరా సినిమాల రోజులలో తాను ఊరూరా పోస్టర్లు అంటించేవాడననీ, అంటించగా మిగిలినది యింటికి తెచ్చుకున్నాననీ ఆ పెద్దాయన చెప్పారు. తక్కినవి ఏమైనవని అడిగితే, "ఎండకు కొన్ని పాయె, మేకలకు కొన్ని పాయె సామీ" అన్నారు. మైదాగంజి రుచి మరిగిన పశువులు కాగితాన్ని గోడనుంచి పీకి తినేవి. గంజిలో మైలుతుత్తం కలిపేది అందుకే.

దూరదేశమైన రష్యాలో కూడా పోస్టరు జాతకం యిదే. 1923 నుండి 1933 వరకు మాస్కోలో వ్లదీమిర్, గియోర్గి స్టెన్బెర్గ్ అనే సోదరులు సినిమా పోస్టర్లు గీశారు. సంతకం కూడా ఉమ్మడిదే: పేరుకు రెండు వైపులా రెండంకె వేసేవారు. ఫొటోను పెద్దదిగా చేసి అచ్చువేసే సదుపాయం అంతగా లేని కాలమది. అందువల్ల ఫిల్ము బొమ్మను యంత్రంతో తెరపై పెద్దదిగా, వంకరగా ప్రసరింపజేసి, దానిని చేతితో గీసుకునేవారు. జిగా వెర్తోవ్ తీసిన 'మూవీ కెమేరా పట్టిన మనిషి' చిత్రానికి 1929లో వారు వేసిన పోస్టరులో మేడలు ఆకాశానికి ఎగబ్రాకుతుంటే, వాటి నడుమ ఒక స్త్రీ వెనుకకు ఒరిగిపోతూ వుంటుంది. కథ చెప్పదు, కళ్ళు మాత్రం తిరుగుతవి! గియోర్గి 1933లో మోటారుసైకిలు ప్రమాదంలో మరణించాడు. ఆ కాగితాలకే 1997లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల పెద్ద ప్రదర్శన జరిపినది. నేడు అవి వేలంపాటలో లక్షల రూపాయలు పలుకుతున్నవి.

ధర పెరిగినచోట నకళ్ళు పుట్టడం సహజం. సేకర్తలు ముందుగా చూసేది బొమ్మను కాదు, అడుగుననున్న సన్నని అక్షరాలను. ముద్రణాలయం పేరు, ఎన్ని ప్రతులు వేసినదీ, సెన్సారు సంఖ్య అక్కడ వుంటవి. తరువాత భూతద్దం పెడతారు. రాతి అచ్చులో రంగు గరుకుగా, ఎగుడుదిగుడుగా పరచుకొని వుంటుంది. వరుసలు తీరిన చుక్కలు కనబడితే అది ఫొటో తీసి వేసిన నకలు.

చిత్తుకాగితాల మీద యింత శ్రద్ధ దేనికని శ్రోతలు అడుగవచ్చు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ఫిల్ము నేడు ఒక్క అడుగైనా మిగలలేదు. అది 1931లో విడుదలైనదని చిరకాలం నమ్మాము. అది 1932 ఫిబ్రవరి 6న విడుదలైనదని తేల్చినవి ఆనాటి పత్రికా ప్రకటనలు, సెన్సారు దాఖలాలే. పూనాలో 1964లో నెలకొన్న జాతీయ ఫిల్ము భాండాగారం ఫిల్ములతోపాటు పోస్టర్లను, పాటల పుస్తకాలను కూడా సేకరించినది. అయినా ఊళ్ళలో గూళ్ళ అడుగున, ట్రంకుపెట్టెలలో ఎన్ని వున్నవో లెక్క కట్టినవారు లేరు.

మేము కోసిగికి మరల వెళ్ళినప్పుడు ఆ కాగితం గూటిలో లేదు. గుండె జారినది. ఇల్లాలు నవ్వి పెట్టె తెరిచారు. పట్టుచీరకూ పంచెల జతకూ నడుమ, మడత లేకుండా, అది పరచివున్నది.