కుట్టు విప్పి మళ్ళీ కుట్టిన పడవ

పాత పడవను బాగుచేయడం అనగానే మన కళ్ళముందు మెదిలే బొమ్మ ఒకటుంది. ఒడ్డున ఒరిగి ఉన్న కొయ్య పడవ, పుచ్చిన చెక్క ఊడదీసి కొత్త చెక్క దిగగొడుతున్న వడ్రంగి, చివరికి రెండు పూతల రంగు. శ్రీకాకుళం, విజయనగరం తీరంలో వందల ఏళ్ళపాటు ఈ పని మరొక విధంగా జరిగింది. ఇక్కడ పడవను బాగుచేయడమంటే ముందుగా దానిని పూర్తిగా విప్పివేయడం. రవికెకు కుట్లు విప్పినట్టే విప్పి, పలకలన్నీ ఇసుకమీద విడివిడిగా పరచి, మళ్ళీ మొదటినుంచి కుట్టుకురావడం. ఆ పడవలో ఇనుపమేకు ఒక్కటి కూడా ఉండేది కాదు మరి. అది కుట్టుపడవ.

ఇంగ్లీషువారి రాతలలో దీని పేరు ‘మసూలా’. ఈ పేరు ఎక్కడినుంచి వచ్చిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. మచిలీపట్నంతో ముడిపెట్టినవారు ఉన్నారు, మరాఠీలో చేపను సూచించే మాటతో ముడిపెట్టినవారూ ఉన్నారు. మనవాళ్ళకు ఆ గొడవ లేదు, వాళ్ళకది ఉట్టి ‘పడవ’. ఒడిషా తీరంలో దీనినే ‘పడువా’ అంటారు. అందులో వింత ఏమీ లేదు. గంజాం, పూరీ తీరాలలో ‘నోలియా’లని పిలవబడే బెస్తలలో చాలామంది తెలుగువారే. చేపల వెంట ఉత్తరానికి పోతూ పోతూ పడవనూ, మాటనూ కూడా తీసుకుపోయారు.

అసలు మేకులు కొట్టకుండా కుట్టడమెందుకు? ఇనుము దొరకకనా? మేకు తెలియకనా? ఈ ప్రశ్నకు జవాబు చెక్కలో లేదు, అలలో ఉంది. పాత లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు 193 కిలోమీటర్లు, విజయనగరానిది 28 కిలోమీటర్లు. డొంకూరు, బారువ, నువ్వలరేవు, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం దాటి కోనాడ, చింతపల్లి, ముక్కాం వరకు చూసుకుంటూ రండి. ఒకటి రెండు ఏటి మొగలు మినహాయిస్తే అంతా బోసి ఇసుక తీరమే. పడవను దాచుకోవడానికి సహజమైన రేవు లేదు. సముద్రంలోకి పోవాలంటే వరసగా విరిగిపడే కెరటాలను చీల్చుకుని పోవాలి, తిరిగి రావాలంటే వాటి వీపుమీద ఎక్కి ఇసుకమీద పడాలి. మేకులతో బిగించిన బిర్రు పడవ ఆ దెబ్బకు కీళ్ళు వదులుతుంది. పడవ గట్టిగా ఉండటం కాదు, వంగగలగడం ఇక్కడ కావలసిన గుణం.

కుట్టుపడవ వంగుతుంది. దాని లోపల పక్కటెముకల వంటి వంపుకొయ్యలు లేవు. పలకను పలక అంచుకు ఆనించి, ఆ అతుకు వెంబడి గడ్డినో పీచునో మెత్తగా పేర్చి, రెండు పలకలకూ వరసగా తొలిచిన రంధ్రాలగుండా కొబ్బరిపీచు తాడును పోనిచ్చి, ఆ గడ్డిమీదుగా లాగి బిగిస్తారు. ఆ గడ్డికట్ట రెండు పనులు చేస్తుంది. తాడు చెక్కను కోయకుండా మెత్తలా ఉంటుంది, నీళ్ళు తగిలి ఉబ్బి సందును మూస్తుంది. అడుగు వెడల్పుగా, పక్కలు ఎత్తుగా ఉండే ఈ పడవ కెరటం దెబ్బకు ఒళ్ళంతా ఒకసారి ముడుచుకుని మళ్ళీ సర్దుకుంటుంది. కొద్దిగా నీరు కారుతుంది, నిజమే. ఆ నీరు తోడిపోయడానికి ఒక మనిషి ఉంటే సరిపోయేది.

పదమూడవ శతాబ్దంలో హోర్ముజ్ రేవులో ఇటువంటి కుట్టు ఓడలను చూసిన మార్కో పోలోకు అవి బొత్తిగా నచ్చలేదు. ఇనుము లేకుండా కొబ్బరితాళ్ళతో కుట్టిన ఈ ఓడలు ఎక్కడం ప్రమాదమని ఆయన భావించాడు. కానీ తరువాతి కాలంలో మదరాసులో రేవు కట్టకముందు, తెల్లదొరలూ దొరసానులూ తమ పెద్ద ఓడలను దూరాన నిలిపి, ప్రాణాలు అరచేత పట్టుకుని ఒడ్డు చేరింది ఈ కుట్టుపడవలలోనే. ఓడల చిన్నపడవలు ఆ కెరటాలకు తట్టుకోలేకపోయేవి. మన కళింగపట్నం, బారువ, భీమునిపట్నాల కథ కూడా ఇదే. ఓడ దూరంగా లంగరు వేస్తే సరుకును ఓడకూ ఒడ్డుకూ మధ్య మోసినవి ఈ పడవలే. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో రైలు వచ్చి సరుకును భూమిమీదికి మళ్ళించింది. 1933లో విశాఖపట్నం రేవు తెరుచుకున్నాక చిన్న రేవుల పని దాదాపు ముగిసింది. పడవకు మిగిలినది అలివి వల. ఒక కొస ఒడ్డున ఉంచి, వలను పడవలో సముద్రంలోకి తీసుకుపోయి, చుట్టుతిప్పి, రెండవ కొస మళ్ళీ ఒడ్డుకు చేర్చడం. ఆ తరువాత పదులమంది చేరి లాగడం.

ఇక మరమ్మతు సంగతి. ఉప్పునీరు, ఎండ, ఇసుక రాపిడి, ఈ మూడింటి మధ్య కొబ్బరితాడు ఎంతకాలమని ఆగుతుంది? పలక ఆయుష్షు ఎక్కువ, కుట్టు ఆయుష్షు తక్కువ. ఈ తేడాను లోపంగా చూడకుండా దానిమీదనే మొత్తం పద్ధతిని కట్టుకున్నారు మన పెద్దలు. పాత తాళ్ళు కోసివేస్తారు. పలకలను విడదీసి ఆరబెడతారు. పుచ్చినదీ, పురుగు తొలిచినదీ ఏదో విడిపోయిన పలకను చూస్తే దాగదు. కలిసి ఉన్న పడవలో అది కనబడదు. పనికిరానిదానిని తీసి, దాని వంపుకు సరిపోయే కొత్త పలకను బాడిసతో చెక్కుతారు. బరమాతో రంధ్రాలు తొలుస్తారు. మళ్ళీ గడ్డి, మళ్ళీ తాడు. పాత రంధ్రాలలోనుంచే కొత్త తాడు. ఉలి, బాడిస, బరమా, కొయ్య సుత్తి ఉంటే చాలు. కొలిమి అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. కావలసినదల్లా ఏ కుట్టు ఎంత బిగించాలో తెలిసిన చేయి. వదులైతే నీళ్ళు, బిర్రైతే చీలిక.

ఇప్పుడు ఆలోచించండి. ఇలా విప్పి కుట్టిన ప్రతిసారీ ఒకటి రెండు పలకలు మారుతూ పోతే కొన్నేళ్ళకు మొదటి చెక్క ఒక్కటి కూడా మిగలదు. అయినా అది అదే పడవ. తాత పడవే మనుమడు నడుపుతున్నాడు. మరి ఇంతకాలమూ మారకుండా ఉన్నదేమిటి? కుట్టే విద్య. అది చేతినుంచి చేతికి అందుతూ ఉన్నంతవరకు పడవకు చావు లేదు. విప్పిన ప్రతిసారీ పక్కన నిలబడి తాడు అందించే కుర్రవాడు ఆ పాఠం నేర్చుకునేవాడు. మరమ్మతే బడి అన్నమాట. నా ఉద్దేశంలో ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది.

పడవకు తోబుట్టువు తెప్ప. తేలికైన దుంగలను పక్కపక్కన చేర్చి చేసినది. తమిళ తీరంలో వాటిని తాళ్ళతో కట్టేవారు కనుక ‘కట్టుమరం’ అయింది. ఇంగ్లీషు ‘కాటమరాన్’ అక్కడనుంచి వచ్చినదే. విశాఖ, గంజాం వైపు తెప్పలలో దుంగలను కొయ్యమేకులతో బిగించడం కనబడుతుంది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం ‘పెరిప్లస్’ మన తూర్పు తీరంలో దుంగలను జతచేసి కట్టిన ‘సంగర’ అనే నావలను పేర్కొంది. తెప్ప మరమ్మతు ఇంకా సులువు. నీళ్ళు పీల్చి బరువెక్కిన దుంగలను ఒడ్డున ఆరబెట్టడమే సగం వైద్యం.

ఈ విద్యను కాగితంమీద పెట్టినవారిలో మొదట చెప్పుకోవలసినది జేమ్స్ హార్నెల్ పేరు. మదరాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన ఈయన భారతదేశపు పడవల నిర్మాణంమీద 1920లో ఆసియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ ద్వారా పెద్ద వ్యాసం ప్రకటించాడు. 1980లలో ఎరిక్ కెంట్లీ అనే పరిశోధకుడు ఆంధ్ర, ఒడిషా తీరాల కుట్టుపడవలను ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. ఇద్దరికీ మనం రుణపడి ఉన్నాం. కానీ ఒకటి గమనించండి. మన కావ్యాలలో సముద్రవర్ణనకు కొదవ లేదు, పడవ కుట్టినవాడి వర్ణన వెతుక్కోవాలి.

మార్పు 1950లనుంచి మొదలైంది. స్వాతంత్ర్యానంతర ప్రణాళికలలో మరపడవలు వచ్చాయి. వాటికి లోతైన రేవులు కావాలి. అవి కాకినాడలోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి కానీ శ్రీకాకుళం ఇసుకమీద లేవు. ఈ చిక్కు తెలిసి, 1979లో మదరాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాతం కార్యక్రమం ఇసుకమీద దిగగలిగే పడవలమీద ప్రయోగాలు చేసింది. ఒడ్డు చేరేవేళ పంకాను పైకి లాగుకునే ఏర్పాటు వాటిలో ఒకటి. కెరటాన్ని చూసి పడవను గీయాలన్న సంగతి, మన కుట్టుపడవ చెబుతూ వచ్చినదే, ఇంజనీర్లు కూడా ఒప్పుకున్నారన్నమాట. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పాత కొయ్య నావలమీద ఫైబరు తొడుగు వేసి వాటి ఆయుష్షు పెంచే పద్ధతిని ప్రచారం చేసింది. చివరికి తీరాన్ని గెలిచినది ఫైబరు తెప్ప. 1990లనుంచి గాజునార, రెసిన్‌తో అచ్చులో పోసిన బోలు తెప్పలు, లోపల తేలడానికి నురుగు, వెనుక ఇంజను, ఇవే ఊరూరా బారులు తీరాయి.

ఫైబరును తిట్టడం నా ఉద్దేశం కాదు. బరువు తగ్గింది. దుంగ నీళ్ళు పీల్చినట్టు అది పీల్చదు. పుచ్చదు, పురుగు తినదు. పెద్ద చెట్లు కొట్టే పని లేదు, ఆ చెట్లు దొరకడమూ లేదు. పగిలినచోట గరుకుగా అరగదీసి గాజుగుడ్డ పొరలు అతికి రెసిన్ పూస్తే మళ్ళీ సముద్రానికి సిద్ధం. ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకు 61 రోజులు మర, మోటారు పడవల వేటకు నిషేధం కదా, ఆ రోజులలో తీరమంతా ఈ పనే. ఇంజను విప్పడం, వల అల్లడం, పగులుకు అతుకు వేయడం. బాగుచేసుకునే బుద్ధి మన బెస్తవానికి ఎక్కడికీ పోలేదు.

పోయినది వేరు. కుట్టుపడవకు కావలసినదంతా కొబ్బరితోటలోనూ ఊరి చెట్లలోనూ ఉండేది. ఫైబరుకు కావలసినది డబ్బాలలో వస్తుంది, డబ్బు పెడితేనే వస్తుంది. పాత పలక విరిగితే పొయ్యిలోకి పోయేది, పాత ఫైబరు తెప్ప ఎక్కడికీ పోదు. తుపాను వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినపుడు శ్రీకాకుళం బెస్తలు పడవలూ వలలూ పోగొట్టుకున్నారు. తునకలైన ఫైబరును విప్పి మళ్ళీ కుట్టలేం. కొత్తది కొనాలి, దానికి అప్పు కావాలి.

అప్పు పుట్టనివాడు వేరావల్ పోతాడు. గుజరాత్ రేవులో పరాయివాడి మరపడవలో కూలికి. 2018 నవంబరులో అలా పోయిన ఉత్తరాంధ్ర బెస్తలు పాకిస్తాన్ వారికి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా సరిహద్దులో విడుదలైన కథ మనకు తెలిసినదే. ‘తండేల్’ సినిమా 2025లో వచ్చాక ఇంకా ఎక్కువమందికి తెలిసింది. వలసకు కారణం పడవ ఒక్కటే అని అనను. రేవులు లేకపోవడం, చేప తగ్గడం, పెద్ద మరపడవల పోటీ, ఇవన్నీ ఉన్నాయి. కానీ సొంత చేతులతో నిలబెట్టుకోగల పడవ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం ఎంతో వేరావల్ రైలు చెబుతుంది.

ఈ లోగా కుట్టు ఓడకు దేశంలో కొత్త గౌరవం దక్కింది. అజంతా కుడ్యచిత్రంలోని ఓడను ఆధారం చేసుకుని గోవాలో కేరళ పనివారిచేత కుట్టించిన ‘కౌండిన్య’ను 2025 మే 21న కార్వార్‌లో భారత నౌకాదళంలో చేర్చుకున్నారు. అంతకుముందు 1980లో టిమ్ సెవరిన్ ఒమాన్‌లో కుట్టించిన ‘సొహార్’ ఓడకు కూడా మన లక్షద్వీపాలవారే తాడు లాగారు. చాలా సంతోషించవలసిన సంగతి. కానీ కేరళలో ఆ చేతులు దొరికాయి కనుకనే ఆ ఓడ లేచిందని మరువకూడదు. కళింగుల నౌకాయానం అని సభలలో గొంతెత్తే మనం, కళింగపట్నంలో అటువంటి ఓడ కుట్టాలంటే ఎవరిని పిలుస్తాం?

నా దృష్టిలో చేయదగిన పని పెద్దది కాదు. ఒక పడవను అద్దాల గదిలో పెట్టడంకన్నా, ఆ పని తెలిసిన ముసలివారు ఉన్న ఊళ్ళో ఒక్కసారి ఒక పాత పడవను విప్పించి, పిల్లల ఎదుట మళ్ళీ కుట్టించడం మేలు. అదీ కాకపోతే కనీసం మాటలు మిగుల్చుకోవచ్చు. పలకకో పేరు, కుట్టుకో పేరు, కెరటానికో పేరు ఉండే ఉంటాయి. జాలరుల, వాడబలిజల ఇళ్ళలో పుట్టినవారు, ఆ తీరపు ఊళ్ళలో ఉద్యోగాలు చేసినవారు మనలో ఉన్నారు కదా. మీ ఊరి పెద్దలను అడిగి రాసిపెట్టండి. తాడు కుళ్ళిపోతే మరొక తాడు పేనుకోవచ్చు. మాట పోతే ఏ పీచుతో పేనుతాం?