పారేసిన రేకుల కోసం

మన బడి సైన్సు గదిలో ఇత్తడి గుండు, వలయం ప్రయోగం చూడనివాళ్లు మనలో ఉండరు. చల్లగా ఉన్నప్పుడు వలయంలోంచి సులువుగా దూరిపోయే గుండు, స్పిరిటు దీపం మీద కాగాక పైనే నిలిచిపోయేది. "వేడికి ఏది ఎంత పెరుగుతుందో తెలిస్తే సగం ఇంజనీరింగు వచ్చినట్టేరా" అనేవారు మాస్టారు. ముప్పై ఏళ్లుగా నేను ఇంజనీరునే. ఆ సగం నాకు సరిగ్గా రాలేదని ఒక పాత కారు చెప్పింది.

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ పదేళ్ల కిందట 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కొన్నాను. దాని చరిత్ర కొంచెం చెబితేగాని నా తప్పు అర్థం కాదు. 1930లలో హిట్లర్ ప్రభుత్వం సామాన్యుల కారు కావాలన్నప్పుడు దాన్ని రూపొందించినవాడు ఫెర్డినాండ్ పోర్షే. కొనేవాళ్లలో చాలామందికి షెడ్డు ఉండదు. రాత్రంతా మంచులో వీధిలో నిలబెడితే రేడియేటరులో నీళ్లు గడ్డకడతాయి. అందుకే అసలు నీళ్లే అక్కర్లేని, గాలితో చల్లబడే ఇంజను పెట్టారు. యుద్ధం ముగిశాక 1945లో, బాంబు దాడుల్లో దెబ్బతిన్న వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీని మళ్లీ నడిపించినవాడు బ్రిటిష్ సైన్యంలోని మేజర్ ఐవన్ హర్స్ట్. చివరి కారు 2003 జులై 30న మెక్సికోలోని పుయెబ్లాలో తయారైంది. అప్పటికి మొత్తం 2,15,29,464 కార్లు.

ఈ ఇంజనులో డైనమో ఇరుసుకే ఫ్యాన్ ఉంటుంది. అది లాగిన గాలిని ఒక రేకు తొడుగు నాలుగు సిలిండర్ల మీదికి పంపుతుంది. ఇంజను కింద థర్మోస్టాట్ ఉంటుంది. హార్మోనియం తిత్తిలా మడతలున్న చిన్న లోహపు డబ్బా అది. 65 నుంచి 70 డిగ్రీల వేడికి సాగి, ఒక కడ్డీ ద్వారా తొడుగులోని రెక్కలను తెరుస్తుంది. ఇందులో గొప్ప తెలివి ఒకటుంది. తిత్తికి చిల్లుపడితే అది సాగిపోయి రెక్కలను తెరిచే ఉంచుతుంది. తాను చెడినా ఇంజనును మాడనివ్వదు. ఇవికాక సిలిండర్ల అడుగున రెండు చిన్న రేకులుంటాయి. గాలి సిలిండరు చుట్టూ తిరిగి కిందివైపూ తగిలేలా చేయడం వాటి పని.

ఇంజను విప్పి బాగుచేసేటప్పుడు వీటన్నిటినీ తీసేశాను. జర్మనీ చలికి పెట్టినవి, ఇక్కడి ఎండలో ఎందుకనుకున్నాను. అడుగు రేకులు వంకరపోయి ఉన్నాయి, రేకు ముక్కలే కదా అని చెత్తలో వేశాను. ఎవరో మెకానిక్ చేసిన పని కాదు, నేనే చేశాను.

రెండో వేసవిలో మా అమ్మాయితో లాస్ ఏంజలిస్ నుంచి ఉత్తరంగా గ్రేప్‌వైన్ కొండ ఎక్కుతుండగా మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు విరిగింది. ఇంజను అక్కడితో సరి. ఆ కాలపు బీటిల్‌లో ఆయిల్ కూలర్ తొడుగు లోపల, మూడో సిలిండరుకు వెళ్లే గాలికి అడ్డంగా ఉంటుంది. 1971 మోడల్‌లో దాన్ని పక్కకు జరిపారు. అంటే ముందే గాలి తక్కువైన సిలిండరు నుంచి, ఉన్న కాస్త సాయాన్నీ నేను లాగేశానన్నమాట.

ఇక వెతుకులాట. కొత్తగా అమ్మే తొడుగులు చాలావాటిలో రెక్కలు బిగించే చోటే లేదు. కొత్త అడుగు రేకులు పలుచన, సరిగ్గా కూర్చోవు. మైనంతో పనిచేసే కొత్త థర్మోస్టాట్ దొరుకుతుంది కానీ, చెడినా రెక్కలు తెరిచి ఉంచే గుణం దానికి లేదు. చివరికి పొమోనా పాత సామాన్ల సంతకు మూడుసార్లు వెళ్లాను. తెల్లవారకముందే టార్చిలైటుతో బేరాలు మొదలయ్యే సంత అది. మొదట రెక్కలున్న పాత తొడుగు, తర్వాత అడుగు రేకులు దొరికాయి. మూడోసారి ఒక ముసలాయన బిస్కెట్ డబ్బాలో నాలుగు తిత్తులు చూపించాడు. చల్లగా ఉన్నా రెండు సాగే ఉన్నాయి, అంటే చిల్లుపడ్డవి. ముడుచుకుని ఉన్న రెండూ కొన్నాను. ఇవన్నీ ఎలా దాచారని అడిగితే, "మీలాంటివాళ్లు పీకి పారేస్తుంటే ఏరుకున్నాను" అన్నాడు. నేను మాట్లాడలేదు.

ఇంటికొచ్చి గిన్నెలో నీళ్లు పోసి, తిత్తిని, థర్మామీటరును వేలాడదీసి పొయ్యి వెలిగించాను. అమ్మాయి పక్కనే నిలబడి అంకెలు చదివింది. అరవై దాటాక తిత్తి కదిలింది, డెబ్బైకి పూర్తిగా సాగింది. నాకు మన సైన్సు గదిలో స్పిరిటు వాసన తగిలినట్టయింది. ఆ తర్వాత నాలుగు వేసవులు అదే కొండ అదే కారులో ఎక్కాం.

పాత సైన్సు గది బీరువాలు ఖాళీ చేస్తున్నారని మిత్రులు చెప్పారు. ఆ గుండు, వలయం చెత్తలో పడేముందు దయచేసి నాకొక మాట చెప్పండి.