పార పట్టిన పటాలము

హఫీజ్‌పేట రైలు స్టేషనునొద్ద నిలిచి చూచువారికి నేడు నలుదిక్కుల ఆకాశము నంటుచున్న మేడలు కానవచ్చును. ఆ మేడల పునాదులకై నల్లరాతి గుండ్లను పగులగొట్టిన వారెవరు, మట్టి మోసిన వారెవరు అని మనము విచారింపము. మేడ పూర్తియైన వెంటనే కట్టించినవారి పేరు ద్వారమున వెలయును. కూలివాని గుడిసె పెరికివేయబడును. ఈ మరపు మనకు క్రొత్తది కాదు. మన చరిత్రములో ఒక సేనకే ఈ గతి పట్టినది. దానిని గురించి చదువరులతో కొంత ముచ్చటింప దలచితిమి.

సేన యనగానే మనకు కత్తియు, తుపాకియు, గుర్రమును స్ఫురించును. కాని యేటిపై వంతెన వేయువాడును, ఫిరంగి నడచుటకు బాట తీర్చువాడును లేనిచో ఏ సేనాపతియు ఒక క్రోసు దూరమైనను కదలజాలడు. 1780వ సంవత్సరమున హైదరాలీ కర్ణాటకముపై దండెత్తినపుడు చెన్నపట్టణపు కుంఫిణీవారు గొప్ప సంకటమున బడిరి. సెప్టెంబరు 10వ తేదీని పొల్లిలూరునొద్ద వారి దండొకటి నాశనమయ్యెను. ఆ నెల 30వ తేదీననే వారు పయొనీర్లను రెండు కంపెనీలు చేర్చిరి. పయొనీరనగా సేనకు ముందు నడచి దారి చేయువాడు. 1799లో శ్రీరంగపట్టణపు ముట్టడియందును, 1803లో అస్సాయి యుద్ధమందును వీరు పాల్గొనిరి.

కాలక్రమమున ఆ కంపెనీలు పెరిగి రెండు పటాలములయ్యెను. 1831లో మొదటి పటాలమును 'మద్రాసు శాపర్లు, మైనర్లు' అను దళముగా మార్చిరి. 1834లో రెండవ పటాలమును దానియందే కలిపివేసిరి. కందకము త్రవ్వుకొనుచు శత్రుదుర్గమును సమీపించువాడు శాపరు. గోడక్రింద సొరంగము చేసి మందు కూరువాడు మైనరు. ఇది పేరు మార్పు మాత్రమే కాదు. పార పట్టిన కూలి చేతిపని నేర్చిన సిపాయి యయ్యెను. ఆ దళమున తమిళులు, తెలుగువారు, హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు కలసియుండిరి. ఊరి వెలుపల నుంచబడిన కులములవారును అందు విశేషముగా చేరిరి. గ్రామమున ఒకే బావిలో నీరు తోడుకొనరాని వారు ఒకే సొరంగములో ఒకే గునపము నందుకొనిరి!

ఈ దళమును నడిపించినది కుంఫిణీ ప్రయోజనము. 1840 మొదలు 1842 వరకు జరిగిన చీనా యుద్ధమునకు వీరు పంపబడిరి. 1857-58లలో లక్నోలో స్వదేశీయులమీదనే నియోగింపబడిరి. దీనిని మేము కీర్తిగా చెప్పికొనజాలము. నల్లమందు వర్తకులకొరకు జరిగిన యుద్ధమున మనవారి చెమట చిందుట గర్వకారణము కాదు.

కాని ఆ చేతులే మరియొక పని చేసినవి. 1833 ప్రాంతమున గోదావరీ మండలమున ఘోరక్షామము సంభవించి లెక్కకు మించిన జనము నశించిరి. మద్రాసు ఇంజనీర్ల దళమువాడైన ఆర్థరు కాటను ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమును వేధించి ఒప్పించెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసెను. శాపర్లు వేలకొలది కూలీలతో కూడి ఆ పనిలో పాటుపడిరి. కొంతకాలము వారి దళమునకు ధవళేశ్వరమే ముఖ్యస్థానముగా నుండెను. పిమ్మట అది బెంగుళూరునకు తరలెను. కోటగోడను పడగొట్టుటకు నేర్చిన విద్య నీటికి గోడ కట్టుటకు వినియోగపడినది. విద్య ఒక్కటియే, మనుష్యులు నొక్కరే. నియోగించిన పనినిబట్టి ఫలము వేరయ్యెను. లక్నోలో మిగిలినవి శిథిలములు. డెల్టాలో మిగిలినవి వరిచేలు.

పిదప తెలుగు సిపాయికి దుర్దశ వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దమున ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' యనునదే పేరు. అట్టి తెలుగువానిని, సాటి దక్షిణదేశీయులను, పందొమ్మిదవ శతాబ్దపు చివర దొరలు యుద్ధమునకు పనికిరాని జాతులని తేల్చిరి. మద్రాసు కాల్బలములు ఒక్కొక్కటిగా రద్దయ్యెను, లేదా ఉత్తరదేశీయులతో నింపబడెను. 1895లో మద్రాసు సేనయే ప్రత్యేక సేనగా లేకుండబోయెను. శాపర్లు మాత్రము నిలిచిరి. పార పట్టువానికి బదులు దొరకలేదు. ఆ నిర్ణయ మెంత నిరాధారమో 1944 జూనులో ఇటలీలో తేటపడినది. ఆ దళమువాడైన సుబేదారు సుబ్రహ్మణ్యము మందుపాతర పేలబోవు క్షణమున దానిపై పడి, తన ప్రాణమిచ్చి తోడివారిని కాపాడెను. జార్జి క్రాసు పొందిన మొదటి భారతీయు డతడే. దళము నేడును బెంగుళూరున మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అను పేర నున్నది.

గోదావరి మండలములలో ఊరూర కాటను విగ్రహములు కలవు. ఆయన అందుల కర్హుడే. మాకు సందేహము లేదు. కాని ఆయన గీచిన రేఖను రాతిగా మార్చిన వారిలో ఒక్కని పేరైన మన పిల్లలకు తెలియునా? మనము ఆలోచనను పూజింతుము, చేతిపనిని హీనముగా జూతుము. కత్తి పట్టినవానికి వీరుడని పేరు పెట్టి పార పట్టినవానిని కూలియని పిలుతుము. కులభేదమునకు మూలము ఈ దృష్టియే యని మా తలంపు.

హఫీజ్‌పేట చుట్టుప్రక్కల మేడలు లేచుచున్నంతకాలము పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు, పరరాష్ట్రములనుండియు పని వెదకుకొని వచ్చువారు వచ్చుచునే యుందురు. వారికి కొయ్యూరంత కీర్తి అక్కరలేదు. నిలువ నీడయు, శుభ్రమైన నీరును, బిడ్డలకు బడియు, ప్రమాదమున పడినపుడు న్యాయమైన పరిహారమును కావలెను. సేనలోని శాపరుకు జీతమును, పింఛనును, పటాలపు పట్టీలో పేరును ఉండెను. స్వతంత్రదేశమున ఇండ్లు కట్టువానికి ఆమాత్రమైన దక్కకుండుట మనకు తగునా? చదువరులు ఆలోచింతురు గాక.