మన్యపు సంత: నాటి ముచ్చట, నాటి కొలత

ప్రాతదినములను తలచుకొనునప్పుడు మన్యపు ముదుసలికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది సంత. అరకులోయలోగాని, పాడేరు, హుకుంపేట, సుంకరమెట్టలలోగాని వారమున కొకదినము కూడు సంతయే కొండవారికి పట్టణము. బస్తీలలో దినదినము జరుగు వ్యవహారమంతయు అచ్చట ఒక్క పూటలో జరిగెడిది.

కోడికూతతో లేచి, భుజమున కావడియు, తలపై గంపయు పెట్టుకొని కాలిబాటల వెంట వరుసగా వచ్చెడివారు. పసుపు, పిప్పళ్లు, చింతపండు, వలిసెలు, కరక్కాయలు, అడ్డాకులు, తేనె, కొండచీపుళ్లు వారి సరకు. మైదానమునుండి కనుమ లెక్కి వచ్చు వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు, పూసలు, పొగాకు తెచ్చెడివారు. బగతలు, కొండదొరలు, గదబలు, పోర్జలు, కోటియాలు, వాల్మీకులు అందఱు అచ్చట కలిసికొనెడివారు. ఒకరి యింటిభాష యొకరికి రాకున్నను, అరకు వైపున ఆదివాసీ ఒరియా అందఱకు ఉమ్మడి మాట. వియ్యపు మాటలు, రోగపు కబుర్లు, పాత తగవులు అన్నియు అక్కడనే తెమిలెడివి. తిరుగుదారిలో డప్పు వినబడినచో థింసా వలయమునకు కాళ్లు తామే కదలెడివి. ఈ సంగతులు చెప్పునప్పుడు పెద్దల కన్నులు చెమర్చుట సహజమే.

కాని యా సంతకు మఱొక ముఖము కలదు. ఉప్పు సముద్రతీరమున పండునేగాని కొండపై పండదు. అది లేక కూడు దిగదు. కనుక ఉప్పు తెచ్చినవాడు చెప్పినదే ధర. కొండవాని పసుపు కొలుచునప్పుడు కుంచము రాశిగా నిండవలెను; అతనికి ఉప్పు కొలుచునప్పుడు తలగొట్టిన కుంచము. లెక్క వ్రాయువాడు వర్తకుడు, వ్రేలిముద్ర వేయువాడు కొండవాడు. పెండ్లికో, విత్తులకో తెచ్చిన స్వల్పమైన అప్పు తీరక, మనిషియే అప్పిచ్చినవానియింట పనికి కుదురుకొనెడివాడు. దానికి గోతి యని పేరు. తండ్రి గోతి కుమారునికి సంక్రమించుటయు కలదు.

1882 మద్రాసు అటవీచట్టము వచ్చిన పిమ్మట పోడునకు, అటవీఫలసాయమునకు ఆంక్షలు బిగిసినవి. ఘాటురోడ్డుపనులలో వెట్టిచాకిరి తోడయ్యెను. ఆ కడుపుమంటయే అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి పోలీసుఠాణాపై దాడియై వెలువడినది.

అటుపై కాలము మాఱినది. ఏజెన్సీలో ఋణదాస్యమును 1940లో నిషేధించిరి. 1976లో దేశమంతటికి వెట్టి నిర్మూలనచట్టము వచ్చినది. 1956లో విశాఖపట్టణమున గిరిజన సహకారసంస్థ ఏర్పడి అటవీఫలసాయమును కొనసాగెను. ఆ యేటి తూనికల చట్టమువలన కొలది సంవత్సరములలో కుంచము తొలగి కిలోగ్రాము వచ్చినది. 1960వ దశకమున కొత్తవలస-కిరండోల్ రైలుమార్గము సొరంగములగుండ అరకు చేరెను. బైలదిల్లా ఇనుపఖనిజము కొఱకు వేసినదైనను, అది మనుష్యులను, ఉప్పుమూటలను గూడ మోసినది. 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరివారి పేరే పెట్టిరి.

రైలు వచ్చినపిదప గుంపుగా నడచు బాట పలుచనయ్యెను. బాటతోపాటు బాటలోని మాటయు పలుచనయ్యెను. ఆ లోటును నేను కాదనను. అయినను "ఆ దినములే బంగారు దినములు" అని మనుమలకు చెప్పి యూరకున్నచో సగమే చెప్పినవారమగుదుము. చట్టము కాగితముపై నుండగనే అప్పు మఱొక పేరుతో ఇంటిలో దూరగలదు. తలగొట్టిన కుంచము నెఱుగని పిల్లవాడు నేడు చదువని కాగితముపై సంతకము చేయుటకు జంకడు.

కావున పెద్దలారా, సాయంకాలమున అరుగుపై కూర్చున్నప్పుడు థింసాను గూర్చి తప్పక చెప్పుడు. గోతిని గూర్చియు చెప్పుడు. రెంటిని కన్నులార చూచినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు. మీరు విన్నదైనను మీతో పోకుండ చూచుడు.