నాలుగవవాని సాక్ష్యం

నౌకాభంగ వృత్తాంతాలను పరిశీలించే చరిత్రకారునికి ఒక చిక్కు ఎప్పుడూ ఎదురవుతుంది. కోట కూలితే రాళ్లు మిగులుతాయి. ఊరు తగలబడితే బూడిద మిగులుతుంది. నడిసముద్రంలో ఓడ మునిగితే, తరచుగా మిగిలేది బ్రతికివచ్చినవారి మాట ఒక్కటే. ఆ మాట అబద్ధమని మేము అనడం లేదు. కాని అందులో తిరిగిరానివాని పక్షం ఎంతవరకు చేరినదన్న ప్రశ్న వేసుకోక తప్పదు. ఆ ప్రశ్న ఎంత బరువైనదో తెలుసుకోవడానికి 1884లో మునిగిన మిన్యొనెట్ అనే విహారనౌక కథ చక్కని ఉదాహరణ.

ఇంగ్లాండులో శ్రీమంతులు వినోదయాత్రలకు వాడే యాట్ తరగతి నౌక అది. పొడవు 52 అడుగులు. సిడ్నీ నగరపు న్యాయవాది ఒకరు దానిని కొన్నారు. దానిని ఆస్ట్రేలియాకు చేర్చే పనికి టామ్ డడ్లీ అనే కప్తాను కుదిరాడు. ఎడ్విన్ స్టీఫెన్స్ అతని సహాయాధికారి. ఎడ్మండ్ బ్రూక్స్ నావికుడు. రిచర్డ్ పార్కర్ అనే పదిహేడేండ్ల అనాథ బాలుడు చిల్లరపనులకు వచ్చినవాడు. 1884 మే 19వ తేదీన నలుగురూ సౌతాంప్టన్ రేవు విడిచారు. జూలై 5న దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, గుడ్‌హోప్ అగ్రానికి సుమారు 1,600 మైళ్ల దూరాన, ఒక మహాతరంగం నౌకను బద్దలు చేసింది. కొద్ది నిమిషాలలో నౌక మునిగిపోయింది.

13 అడుగుల చిన్న పడవలో నలుగురూ మిగిలారు. చేతికి చిక్కినవి రెండు టర్నిప్ దుంపల డబ్బాలు. త్రాగునీరు లేదు. నాలుగవనాడు ఒక తాబేలు దొరికింది; పన్నెండవనాటికి అదీ అయిపోయింది. ఆపైన ఎనిమిది దినాలు ఆహారమన్నది లేదు. వానపడినప్పుడు అంగీలు పరచి పట్టుకొన్న నీరే నీరు. దాహం తాళలేక ఉప్పునీరు త్రాగిన బాలుడు పడవ అడుగున సొమ్మసిల్లి పడిపోయాడు. ఇరవయ్యవనాడు కప్తాను దేవుని క్షమాపణ వేడి, కత్తితో ఆ బాలుని ప్రాణం తీశాడు. ఆ శరీరమే ఆహారంగా మిగిలిన ముగ్గురూ మరి నాలుగు దినాలు నిలిచారు. జూలై 29న ఒక జర్మను ఓడ వారిని ఎక్కించుకొని, సెప్టెంబరు 6న ఇంగ్లాండులోని ఫాల్మత్ రేవులో దించింది.

ఇక్కడ పరిశోధకుని ఆశ్చర్యపరచే విషయమేమిటంటే, ఆ ముగ్గురూ దేనినీ దాచలేదు. నౌక మునిగినప్పుడు అధికారుల ఎదుట వాంగ్మూలమివ్వడం చట్టవిధి. కప్తాను జరిగినదంతా చెప్పి సంతకం చేశాడు. తాను నేరం చేశానన్న ఊహయే అతనికి ఉన్నట్లు లేదు. ఇందుకు కారణం నావికులలో తరతరాలుగా పాతుకొనివున్న ఒక సముద్రాచారం. ఆకలిచావు ఎదురైనప్పుడు చీట్లు వేసుకొని, చీటీ పడినవాడు మిగిలినవారికై ప్రాణమివ్వాలన్నదే ఆ ఆచారం.

ఈ ఆచారపు చరిత్రను ఆంగ్ల న్యాయచరిత్ర పండితుడు ఎ. డబ్ల్యు. బ్రయన్ సింప్సన్ త్రవ్వి తీశారు. వాంగ్మూలాలు, ప్రభుత్వ పత్రాలు, వార్తాపత్రికలు గాలించి, 1984లో ఆయన ఈ అభియోగంపై సమగ్ర గ్రంథం ప్రకటించారు. పూర్వఘటనలను వరుసగా పేర్చి చూస్తే ఒక సంగతి మనసును కలచివేస్తుంది. 1765లో పెగ్గీ అనే నౌకలో చీటీ ఒక నల్లజాతి బానిసకు పడిందట. 1874లో యూక్సిన్ నౌకవారి పడవలో అది ఒక ఇటలీ దేశస్థునికి పడిందట. చీటీలకు కన్నులు లేవంటారు. కాని అవి దిక్కులేనివానిని తడుముకోకుండా వెదకి పట్టుకొన్నాయి. ఈ చీటీలు నిజంగా వేశారని చెప్పినవారెవరు? బ్రతికివచ్చినవారే.

మిన్యొనెట్ పడవలో ఆ చీటీలు కూడా వేయలేదు. వేయాలన్న మాట వచ్చింది, బ్రూక్స్ ఒప్పుకోలేదు. బాలుని ఎవరూ అడగలేదు. తమకు భార్యాబిడ్డలున్నారని, ఆ బాలునికి ఎవరూ లేరని పెద్దలు తర్కించుకొన్నారు. పత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి చదివితే మరొక భేదం కనిపిస్తుంది. ఈ పని తప్పదని అందరూ ఏకీభవించినట్లు కప్తాను తొలి వాంగ్మూలంలో ఉంది. బ్రూక్స్ సమ్మతించలేదని న్యాయస్థానపు పత్రంలో ఉంది. బ్రూక్స్ తరువాత ప్రభుత్వపక్షాన సాక్షి అయినవాడు. ఒకే పడవలో ఉన్న ముగ్గురి మాటలలోనే ఇంత ఎడముంటే, పలకలేని నాలుగవవాని సంగతి ఏమి చెప్పగలము?

ఫాల్మత్ ప్రజల సానుభూతి ముగ్గురి వైపే మొగ్గింది. మృతుని సోదరుడు సైతం నిందితులతో కరచాలనం చేశాడు. అయినను ప్రభుత్వం వెనుకకు తగ్గలేదు. 1884 నవంబరులో ఎక్సిటరు నగరంలో డడ్లీ, స్టీఫెన్స్‌ల విచారణ జరిగింది. జూరీవారు దోషులో నిర్దోషులో తేల్చలేదు. జరిగిన సంగతులను మాత్రమే నిర్ధారించారు. ఆ నిర్ధారణపత్రపు మాటలను సమకూర్చినవాడు న్యాయమూర్తి హడిల్‌స్టన్. డిసెంబరులో లండనులో ప్రధాన న్యాయమూర్తి కోల్‌రిడ్జ్ ప్రభువు తీర్పు చెప్పారు. అవసరం హత్యకు సమాధానం కాదన్నారు. ఎవరి ప్రాణం ఎక్కువ విలువైనదో తూచేవారెవరని అడిగారు. ఎన్నుకొన్నది అందరిలో చిన్నవానిని, బలహీనుని, ఎదిరించలేనివానిని కాదా అని ఎత్తిచూపారు. మరణశిక్ష విధింపబడి, ఆరునెలల కారాగారవాసానికి తగ్గింది. మన దేశంలోని న్యాయవిద్యార్థులకు నేటికీ ఇది పాఠమే.

కాలక్రమాన ఆ బాలుని పేరు కథలలోకి ఎక్కింది. 2001లో వెలువడిన ‘లైఫ్ ఆఫ్ పై’ నవలలో పాండిచ్చేరి కుర్రవానితో పడవలో ఉండే పులికి రచయిత యాన్ మార్టెల్ పెట్టిన పేరు రిచర్డ్ పార్కరే. పేరు మిగిలింది, పలుకు మిగలలేదు.

కాని వెదకితే నాలుగవవాని సాక్ష్యం పూర్తిగా లేకపోలేదు. జూరీవారి నిర్ధారణపత్రంలో, ఆకలిదప్పుల సుదీర్ఘ వర్ణన నడుమ, తన వధకు ఆ బాలుడు ఎన్నడూ సమ్మతించలేదని చెప్పే చిన్న వాక్యమొకటి ఉంది. దప్పికతో వేగిన ఆ ముగ్గురి వేదన నిజమైనదే. దానిని తేలికచేసే హక్కు ఒడ్డున కూర్చున్న మనకు లేదు. అయినను ఆ నాలుగు మాటలకు పత్రంలో చోటు దొరికినందువల్లనే, తిరిగిరానివాడు కూడా నేడు మన ఎదుట సాక్షిగా నిలువగలిగాడు.