తాళానికి తాళం

తెలుగులో లయకూ తాళమే, తలుపు బిగించే బీగానికీ తాళమే. సంగీత సాఫ్ట్‌వేర్ల చరిత్రలో ఆ రెండు తాళాలూ ఒకేచోట కలిశాయి.

జర్మనీలోని హాంబర్గ్ నగరానికి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో అటారీ కంప్యూటర్ల కోసం ‘క్యూబేస్’ను వెలువరించింది. వాద్యాలను వరుసలుగా పేర్చి పాట కూర్చే సాధనమది. ఫ్లాపీకి నకలు తీయడం పిల్లలాట. కాని సంస్థ ఇచ్చిన చిన్న బిళ్ళను కంప్యూటరుకు తగిలించనిదే అది పలికేది కాదు. డాంగిల్ అనబడే ఆ బిళ్ళ తరువాత యూఎస్‌బీ రూపం దాల్చింది. దానినీ ఛేదించారు. క్యూబేస్ ఎస్‌ఎక్స్ 3 నకళ్ళు బిళ్ళతో పనిలేకుండానే లోకమంతా తిరిగాయి.

సారథి స్టూడియో వలన సినిమావారు ఎరిగిన అమీర్‌పేట, 1990ల తరువాత కంప్యూటరు శిక్షణకు పెట్టింది పేరయింది. మైత్రీవనం నుండి పంజగుట్ట దాకా, వేల రూపాయల సాఫ్ట్‌వేరు నకలు సీడీగా కారుచౌకకు దొరికిన రోజులవి. చట్టం లేక కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు 1984లోనే కాపీరైటు చట్టంలో చేరాయి. 1995 మే 10 నుండి అమలైన 63బి సెక్షను ప్రకారం, దొంగ నకలని తెలిసీ వాడితే కనీసం 7 రోజుల జైలు, 50,000 రూపాయల జరిమానా. వ్యాపారలాభానికి వాడలేదని రుజువైతే మాత్రం న్యాయస్థానం జైలు తప్పించవచ్చు. నేర్చుకునే కుర్రవాడినీ అమ్ముకునే ఆసామినీ ఒకే గాట కట్టలేదన్నమాట; మెచ్చదగిన వివేకమే. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో తాళం ఛేదించడాన్నే నేరంగా ఎంచిన 65ఎ సెక్షను 2012 సవరణతో గాని రాలేదు.

బిళ్ళకు ఆపాటి విచక్షణ లేదు. స్టైన్‌బర్గ్ 2022లో క్యూబేస్ 12తో దానిని విడనాడి, 2025 మేలో పాత తాళాల సేవను మూసివేసింది. దొంగ నకలు వాడినవాడికి దీనితో నిమిత్తమే లేదు. సొమ్ము పోసి కొన్నవాడి పాత బిళ్ళ విరిగినా, పోయినా, మరొకటి ఇచ్చే నాథుడు లేడు.